కంప కొట్టిన దర్వాజ

తాళం ఇత్తడిదా ఇనుపదా, ఇత్తడిదే అయ్యుండాలి, అన్న జహీరాబాద్ బజారుకు పోయి తెచ్చింది, పచ్చగా మెరిసేది, కాదు, పచ్చగా మెరిసేది బట్టల పెట్టె తాళం, దర్వాజకు వేసింది నల్లది, వేసిన చెయ్యి తనది కాదు కాబట్టి గుర్తు లేదు, ఆ పొద్దు తన చేతులు ఎక్కడున్నాయో కూడా దేవమ్మకు గుర్తు లేదు, సొంత ఇంటి తాళం రంగు తెలియనిదానివి ఇంక దర్వాజ ఏం గీస్తావని తనను తాను తిట్టుకుంటూ జాజు కలిపిన గిన్నెలో మళ్ళీ కాసిన్ని నీళ్ళు పోసింది, ఎర్రమట్టి పలచబడింది, ఇంకో చెంబు పోస్తే అది జాజు కాదు, చారు, వెనకాల అల్లం లారీ ఒకటి సందులోకి వెనక్కి వస్తూ పీ పీ అని ఏడుస్తోంది, ఎవరో ఒకరు ఏడవాలి కదా, పోనీ అది ఏడవనీ, పొద్దు నడినెత్తి దాటింది, సాయంత్రం దీపాలు పెడతారు, తన జాగా ఇంకా తెల్లగానే ఉంది.

మార్కెట్ యార్డు వెనకాల ఇంత పొడుగు గోడ ఉందని ఇన్నేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకున్న మగవాళ్ళు దానికి పెట్టిన పని వేరు, ఇప్పుడు అదే పని మీద వచ్చినవాళ్ళు వరసగా దర్వాజలు కనబడేసరికి ఎవరింటి ముందో నిలబడ్డట్టు సిగ్గుపడి వెనక్కి తిరుగుతున్నారు, ఈ పది పదిహేను రోజుల్లో దేవమ్మను నవ్వించింది అదొక్కటే, జామగడ్డ పెద్దవాడ మొత్తం గోడ మీదికి వచ్చేసింది, కంపెనీలు వస్తాయని సర్కారు మిషన్లు పెట్టి కూలగొట్టించిన ఊరు, అక్కడిప్పుడు ఇనుప తీగల కంచె, కంచె లోపల సర్కారు తుమ్మ, కంపెనీ అయితే ఇంకా కంటికి కనబడలేదు, ఊరివాళ్ళు సగం మంది చిరాగ్‌పల్లి అవతల కట్టిన కాలనీలో, మిగతావాళ్ళు కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు, అందరినీ వెతికి వెతికి పట్టుకొచ్చింది స్నేహ, పాత సర్పంచ్ బసవరాజ్ మనవరాలు, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బొమ్మల చదువు చదివిన పిల్ల, ఎవరి దర్వాజ వాళ్ళే గీయాలె, వాడల ఎట్ల ఉండెనో గట్లనే, పక్కింటోళ్ళ పక్కకు పక్కింటోళ్ళే, అయినంక ఒక సాయంత్రం ఎవరి గడప ముందర వాళ్ళు దీపం పెట్టాలె అని చెప్పింది, మాకేం బొమ్మలొస్తయి బిడ్డా అని మూలిగిన ఆడవాళ్ళు, పండుగకు గోడలకు జాజు పూసినోళ్ళు గాదా మీరు అనేసరికి కొంగు బిగించారు, ఇప్పుడు చూడాలి వాళ్ళను, ఒకరి దర్వాజ మీద చిలుకలు, ఒకరి గడప మీద ఏడు రకాల ముగ్గు, జామగడ్డలో ఎన్నడూ లేని మామిడాకుల తోరణాలు గోడ మీద ఏడాది పొడుగునా పచ్చగా.

చచ్చినోని కండ్లు చారెడు అన్నట్టు పోయిన ఇండ్లన్నీ గోడ మీద కోటలయ్యాయి, అవనీ, ఎవరు వద్దన్నారు, తన బాధ అది కాదు, తన జాగా వెడల్పు, కమలమ్మ ఆకుపచ్చ దర్వాజకూ వెస్లీ వాళ్ళ నీలం దర్వాజకూ నడుమ ఊడిన పన్ను సందంత, మొదట అదీ లేదు, పిల్లలు సుద్దతో గీతలు కొట్టినప్పుడు కమలమ్మ ఇంటి పక్కనే వెస్లీ ఇల్లు వచ్చేసింది, కూతురు రుచిత చూసి మా ఇల్లేది, మా ఇల్లు ఏడవాయె అని అందరి ముందర గొంతు చించుకుంటే స్నేహ నాలుక కరుచుకుని సుద్ద తుడిచి అటొక జానెడు ఇటొక జానెడు జరిపించింది, జరిపించినా జరిపించినట్టే ఉంటుంది కదా, బస్సులో ముగ్గురు కూర్చునే సీట్లో నాలుగో మనిషి లాగా, లేనివాళ్ళం కాబట్టే మరిచిపోయారు, మరిచిపోలేదు, అప్పుడు కూడా ఇంతే కదా, అప్పుడు కూడా మన ఇల్లు లెక్కలోకి రాలేదు కదా.

మొగుడు రామ్‌కిషన్ అల్లం చేనుకు నీళ్ళు కడుతూ ఛాతీ పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడట, జర దమ్ము తీస్కుంట అన్నాడట, అంతే, తీసుకున్న దమ్ము మళ్ళీ వదలలేదు, దవాఖానకు పోయేదాకా దేవమ్మ ఆయన పాదాలు రుద్దుతూనే ఉంది, చల్లగా ఉన్నాయి, తడి వల్ల అనుకుంది, కాలి వేళ్ళ సందున చేను బురద, ఆయన్ను ఇంటికి తెచ్చి ఆ బురద కడిగే తీరిక కూడా ఇవ్వకుండా అయ్యగారు పంచాంగం తిప్పాడు, ధనిష్ఠల పోయిండమ్మా, మంచిది గాదు, ఆర్నెల్లు ఇల్లు పాడువెట్టాలె, లేకుంటే ఇంట్ల ఇంకొకరు అని ఆగి రుచిత వైపు చూశాడు, చూశాడో లేదో, దేవమ్మకు మాత్రం చూసినట్టే అనిపించింది, ఇంట్లో మిగిలిందే ఇద్దరు, తానూ అప్పుడు పదో తరగతి చదివే ఆ పిల్లా, చలి పడితే చాలు రాత్రంతా దగ్గే పిల్ల, ఇంక అడగడానికి ఏముంది, పాడువెట్టుడంటే ఊరందరికీ తెలిసిందే, పొయ్యి చల్లార్చి, దీపం కొండెక్కించి, తాళం వేసి, దర్వాజకు అడ్డంగా తుమ్మకంప కొట్టి, వెనక్కి చూడకుండా పోవాలి, గడువు తీరేదాకా ఆ గడప ఎవరూ తొక్కకూడదు, ఆ ఇంట్లో దీపం పెట్టకూడదు, తీరినాక ముందర ఆవును తోలి, ఇల్లలికి, పాలు పొంగించి దీపం పెట్టుకోవాలి, నీ ఇంటికి కంప కొట్ట అని బోరింగు దగ్గర ఆడవాళ్ళు తిట్టుకునేది ఈ కంపనే, బిందెల వరసకాడ తానూ ఎందరినో తిట్టింది, ఊరికే నోటికొచ్చిన తిట్టు, అది తిరిగొచ్చి తన దర్వాజకే తగులుతుందని ఎవరనుకున్నారు, అన్న కంప కొట్టి తాళం వేస్తే పిల్ల చెయ్యి పట్టుకుని పుట్టింటికి కోహీర్ ఆటో ఎక్కింది, వెనక్కి చూడలేదు, చూడొద్దన్నారు కాబట్టి చూడలేదు, అందుకే తాళం రంగు తెలియదు, ఇప్పుడు తెలిసింది ఎందుకు తెలియదో.

గడువు ఇంకా రెండు నెలలుందనగా ఊళ్ళోకి జీపులొచ్చాయి, ఇల్లిల్లూ రాసుకున్నారు, మనుషులు, అర్రలు, పశువులు, చెట్లు, కమలమ్మ వాకిట్లో కరివేపాకు చెట్టును కూడా రాసుకున్నారు, తన ఇంటి ముందుకొచ్చేసరికి తాళం, కంప, ఇంకేముంది, ఖాళీ ఇల్లు అని రాసి ముందుకు పోయారు, కరివేపాకు చెట్టుకున్న విలువ కూడా తమ కాపురానికి లేకపోయింది, కాలనీలో అందరికీ జాగా వచ్చింది, దేవమ్మకు రాలేదు, సార్ మేం ఉండెటోళ్ళమే, దోషముందని జరన్ని దినాలు పోయినమని ఆఫీసులో మొత్తుకుంటే కుర్చీలో ఉన్నాయన నవ్వాడు, చెడుగా కూడా నవ్వలేదు, పిల్లలు ఏదో అంటే నవ్వినట్టు నవ్వాడు, చుక్కను జూసి ఇల్లు ఖాళీ చేసినోళ్ళకు మేమేం జెయ్యాలమ్మా అన్నాడు, నిజమే, ఏం చేయాలి, ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది, రైలు గేటు దగ్గర ఒక్క అర్ర కిరాయి ఇంట్లో పడుకున్నప్పుడు, యార్డులో అల్లం ఏరుతున్నప్పుడు, వేళ్ళ మంటతో పాటు అదీ మండుతుంది, గోరుచుట్టు మీద రోకటిపోటు, మొగుడు పోయిన దుఃఖమే సరిగా ఏడవలేదు, ఇల్లు పోయింది, అదైనా ఏడుద్దామంటే ఆ ఇంట్లో మీరు లేనే లేరన్నారు.

అక్కా ఇంగ షురూ జెయ్యలేదా అని పక్కన గ్లాసు పెట్టిన చప్పుడు, కమలమ్మ, బీదర్ వైపు నుంచి జామగడ్డకు కోడలుగా వచ్చి ఇరవై ఏళ్ళు గోడకు గోడ ఆనుకుని బతికిన మనిషి, చాయ్ తెచ్చింది, తన దర్వాజ చిలుకలకు ముక్కులు ఎర్రగా దిద్దడం అయిపోయినట్టుంది, చీర కుచ్చెళ్ళ మీద ఎర్ర చుక్కలు, ఏమేస్తవక్కా, జర మంచిగ ఎయ్యి అంది, ఆ కంప గింప ఎయ్యకక్కా, నా మాటిను, పండుగ పూట లెక్క ఉన్నది ఇయ్యాల, నా చిలుకల పక్కకు కంపేం బాగుంటది, సూసెటోళ్ళు ఏమనుకుంటరు, దేవమ్మ చాయ్ తాగింది, చాయ్‌లో అల్లం, ఈ ఊళ్ళో చాయ్‌లో కూడా అల్లమే, చేనులో అల్లం, వేళ్ళలో అల్లం, మొగుడు పోయిన గట్టు మీద అల్లం, కంప వద్దట, నీ చిలుకలకు ముల్లు గుచ్చుకుంటుందా, ఆ మాట చాయ్‌తో పాటు మింగింది, పొద్దున రుచిత కూడా అదే అంది కదా, వేరే తీరుగా అంది, అమ్మా తలుపులు బార్లా తెరిచి ఎయ్యి, లోపల లైటు, నాయిన గడంచెల కూసున్నట్టు, నేను సదువుకుంటున్నట్టు, ఖాళీ అన్నరు గదా, నిండుగ ఎయ్యి, వాళ్ళ కండ్లు పోను, పని చేసే మెడికల్ షాపుకు ఆలస్యమవుతోందని జడ వేసుకుంటూ వేసుకుంటూ అంది, ఆ పిల్లకేం, అనడం తేలిక, గడువు తీరని ఇంటి తలుపులు తెరిచి గీయాలి, పైగా సాయంత్రం దాని ముందర దీపం పెట్టాలి.

ఎవరితో చెప్పాలి ఈ భయం, చెబితే నవ్వుతారు, ఆఫీసాయన నవ్వినట్టు, గడువు మధ్యలోనే ఇల్లు పోయింది, ఆవు తోలలేదు, పాలు పొంగలేదు, అయ్యగారిని అడిగితే ఇల్లే లేనప్పుడు దోషమేడుంటది పోవమ్మా అన్నాడు, పోయింది, కానీ ఎక్కడికి పోతుంది, మట్టి పోయినంత మాత్రాన పాడువెట్టింది పోతుందా, తీయాల్సినవాళ్ళు తీయలేదు కదా ఆ కంపను, ఆ ఇల్లు ఎక్కడో అట్లాగే తాళం వేసి ఉన్నట్టు, లోపల గూట్లో ఆయన దువ్వెన, దండెం మీద ఆయన గళ్ళ లుంగీ, లోపల చీకట్లో నులక గడంచె మీద ఆయన కూర్చుని ఆర్నెల్లు కాలేదా దేవీ, ఇంకా ఎన్ని రోజులే అని అడుగుతున్నట్టు ఎన్ని కలలు, ఇప్పుడు ఈ గోడ మీద అదే దర్వాజ గీసి దీపం పెడితే అది పెట్టకూడని దీపం అవుతుందా, అయితే, అయితే ఎవరి మీదికి, ఫోను మోగింది, రుచితే, అమ్మా గీసినవా, సగమన్నా అయ్యిందా, నేను సేటును అడిగి జల్ది వస్త అంటూనే దగ్గింది, ఒకటి, రెండు, దేవమ్మ చేతిలో గ్లాసు ఒలికింది, ఏమైందే, దగ్గెందుకొస్తుంది, పొద్దున లేకుండె గదా, ఏం లేదమ్మా, బొంబై రోడ్డు మీద షాపు, దుమ్ము రాకుంటే పూలొస్తయా, నువ్వు ఫికర్ జెయ్యకు, గీయి ముందు అని పెట్టేసింది, పెట్టేసినాక కూడా ఆ దగ్గు చెవిలోనే ఉంది, దుమ్ముకే, దుమ్ముకే అయ్యుంటుంది, దుమ్ము ఈ రోజే ఎందుకు రావాలి, లేచి పోదామా, తల నొస్తోందని చెప్పి పోదామా, ఈ జానెడు జాగా తెల్లగా ఉంటే ఏం కొంప మునుగుతుంది, మునిగింది మునిగే పోయింది కదా.

లేవబోతుంటే కమలమ్మ కొంగు పట్టుకుంది, ఏడికక్కా, పోతవా, ఏను మాడోదు నానీగ అని గొణిగింది, కమలమ్మకు ఏడుపొస్తే పుట్టింటి కన్నడం బయటపడుతుంది, నేనేం జెయ్యాలె చెప్పు, నువ్వు గీయకుండ పోతే నా ఇంటి పక్కకు మళ్ళా ఖాళీనే ఉంటది గద, ఖాళీ, ఆ మాట వినగానే దేవమ్మ ఒళ్ళు భగ్గుమంది, ఇన్నేళ్ళుగా పంటి కింద పెట్టుకున్నది బయటికొచ్చింది, ఖాళీ అని వాళ్ళకు చెప్పింది నువ్వే గద కమలమ్మా అంది, అనేసింది, పెద్దగా కూడా అనలేదు, కమలమ్మ ముఖం సున్నం కొట్టినట్టయింది, నేను ఖాళీ అననేలేదక్కా, నా బిడ్డల మీద ఒట్టు, సార్లు నీ ఇంటి దిక్కు పోతుంటే ఉరికొచ్చి అడ్డం నిలవడ్డ, పోకున్రి సారూ, చావు దోషమున్న ఇల్లు, గడువు తీరలేదు, గడప తొక్కొద్దన్న, మీకూ మంచిది గాదు, ఆ ఇంటోళ్ళకూ మంచిది గాదన్న, నీ పిల్ల కోసమే అన్న, వాళ్ళు తొక్కితే ఆ దోషం నీ పిల్లకు తగులుతదేమోనని భయపడ్డ, తొంగి కూడ చూడనియ్యలేదక్కా, చూసుంటే లోపల బిందెలు, బట్టలు కనవడుతుండె, నేనే చూడనియ్యలేదు, అట్ల రాసుకుంటరని నాకేమెరుక, కమలమ్మ ఏడుస్తోంది, చిలుకల ముక్కులు దిద్దిన ఎర్రరంగు చేత్తోనే కళ్ళు తుడుచుకుంటోంది, ముఖమంతా ఎరుపు, ఇంకెప్పుడన్నా అయితే దేవమ్మకు నవ్వొచ్చేది, ఇది తెలిసిందే, సగం తెలిసిందే, కానీ నీ పిల్ల కోసమే అన్న ముక్క తెలియదు, తాను ఊళ్ళో లేనప్పుడు తన కంపకు కాపలా కాసింది ఈ మనిషి, కాపలా కాసి కాసి కొంప తీసింది, ఎవరిని తిట్టాలి, కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దేవమ్మ మళ్ళీ కూలబడింది, పక్కనే కమలమ్మ కూడా కూలబడింది.

ఇంకోటి చెప్తనక్కా, నీకెన్నడు చెప్పలే అంది ముక్కు చీదుతూ, ఆ రోజు మిషన్లొచ్చినప్పుడు నువ్వు లేవు గద, లేదు, ఆ రోజు ఫోను రాగానే కోహీర్ నుంచి ఆటోలో పడి వచ్చింది, ఊరి మలుపు దగ్గర పోలీసు వాళ్ళు తాడు కట్టి ఆపేశారు, మా ఇల్లుంది సారూ అంటే పేరు అడిగి కాగితం చూసి నీకు ఇల్లు లేదు పో అన్నారు, మలుపు నుంచి కనబడింది దుమ్ము ఒక్కటే, ఎర్రటి దుమ్ము, ఇండ్లకు పూసిన జాజంతా గాలిలోకి లేచినట్టు, అందరూ తమ ఇల్లు కూలడం చూసి ఏడ్చారు, చూసి ఏడ్చే భాగ్యం కూడా తనకు లేదు, వరసగ కూలగొట్టుకుంట వచ్చిండక్కా డ్రైవరు, నాదైపోయింది, నీ ఇంటికాడికొచ్చి మిషను ఆపిండు, కిందికి దిగిండు, ఎటు దిక్కు పిలగాడో ఏమో, కంప చూసి చెప్పులిడిచిండు, సార్లు ఏందిరా ఆగినవు, ఖాళీ ఇల్లే అది అని ఒర్రుతున్నరు, వాడు ఇననే లేదు, ఇది ఖాళీ గాదు సార్, పాడువెట్టిన్రు, ఇంటోళ్ళున్నరు, నేను ముట్ట అన్నడు, నీ ఇల్లు ఇడిచిపెట్టి వెస్లీ వాళ్ళది కొట్టిండు, వాడ మొత్తం అయిపోయింది, పొద్దుమూకే యాల్లకు వాడల నీ ఇల్లొక్కటే నిలవడ్డదక్కా, కంపతోని, ఇంగ సార్లు బెదిరిచ్చిన్రు, అప్పుడు దండం బెట్టి కొట్టిండు, ఇన్ని దినాలు నీకు చెప్తే కడుపు మండుతదని చెప్పలే.

ఆఖరున తన ఇల్లు, దేవమ్మ కళ్ళ ముందు అది నిలబడింది, చుట్టూ మట్టి గుట్టలు, నడుమ ఒక్క ఇల్లు, తాళం, కంప, చీకటి పడుతున్న వాడలో, ఆ పిల్లవాడు ఎవరో, చెప్పులు విడిచాడట, కుర్చీలో కూర్చున్న చదువుకున్నాయనకు తెలియంది మిషను తోలే పిల్లవాడికి ఎట్లా తెలిసింది, వాళ్ళింట్లో కూడా ఎవరో ధనిష్ఠలో పోయి ఉంటారు, వాళ్ళమ్మ కూడా పిల్లల్ని పట్టుకుని పుట్టింటికి పోయి ఉంటుంది, ఇంటోళ్ళున్నరు అన్నాడట, ఇంటోళ్ళున్నరు, ఆ మాట కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగింది తాను, ఎవరూ అనలేదు, కూలగొట్టడానికి వచ్చినవాడు అన్నాడు, భయం అట్లాగే ఉంది గానీ భయం పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది, దేవమ్మ ఈతపుల్ల చేతికి తీసుకుంది, జాజులో ముంచింది, కింద గీత, గడప, అటొకటి ఇటొకటి ద్వారబంధం, మీద అడ్డం గీత, గీత వంకర పోయింది, పోనీ, జామగడ్డలో ఏ ద్వారబంధం మాత్రం నిటారుగా ఉండేది, రెండు తలుపులు వేసింది, మూసిన తలుపులే, మధ్యలో తాళం, రంగు తెలియదు కాబట్టి బొగ్గుతో నల్లగా చుట్టింది, ఆ తర్వాత సున్నం వేలితో తీసి అడ్డంగా కొమ్మ లాగింది, కొమ్మకు ముళ్ళు, ఒక్కో ముల్లూ తెల్లగా, పొడుగ్గా, సర్కారు తుమ్మ కాదు, నల్లతుమ్మ ముల్లు, కమలమ్మ చూస్తోంది.

ఆంటీ ఇదేంటిది, వెనక నుంచి స్నేహ, రంగు డబ్బా చంకలో పెట్టుకుని, ఈ పిల్ల హాస్టళ్ళలో పెరిగింది, దీనికి ఏం తెలుస్తుంది, ముళ్ళా, తలుపుకు ముళ్ళెందుకు కట్టిన్రు, ఇల్లు ఖాళీ జేసి పోయెటప్పుడు దొంగలు రావద్దనా, కాదు బిడ్డా అంది దేవమ్మ, చేతిలో పని ఆపకుండానే, ఖాళీ జేసి పోయెటోళ్ళు కంపెందుకు కొడ్తరు, వాళ్ళు తలుపులు గూడ పీక్కొని పోతరు, మళ్ళ మేమే వచ్చి తీసుకుంటమని కొడ్తం, అంది, అని ఆగింది, ఈతపుల్ల గోడ మీదే ఆగిపోయింది, ఏమంది తాను, ఎవరన్నారు ఆ మాట, తన నోరే కదా, ఇంత చిన్న మాట, ఇన్నేళ్ళు తన నోట్లోనే ఉండి ఆఫీసుల ముందర ఒక్కసారి కూడా బయటికి రాలేదు, అక్కడ దోషం దోషం అని ఏడ్చింది, చుక్క గురించి చెప్పింది, పంచాంగం గురించి చెప్పింది, చెప్పాల్సింది చెప్పలేదు, సార్, బతకాలనుకునే ఇంటికే కంప కొడతారు, ఉండదలుచుకోని ఇంటి దోషం ఎవడికి కావాలి, మళ్ళీ ఆ గడపలోనే పాలు పొంగించాలనుకున్నాం కాబట్టే పోయాం, పిల్ల ఆ ఇంట్లోనే పెద్దది కావాలని పోయాం, స్నేహ ఏదో అడుగుతోంది, వినబడటం లేదు.

అయితే ఇంకేం భయం, ఆర్నెల్లన్నారు, ఆర్నెల్లు ఎన్నడో తీరిపోయాయి, ఎన్ని ఆర్నెల్లు తీరాయో, ఇల్లు లేదని తాను రాలేదు, రాలేదు కాబట్టి కంప అట్లాగే ఉంది, ఆయన చీకట్లో అట్లాగే కూర్చున్నాడు, కమలమ్మా ఇన్ని పాలు దొరుకుతయా అంది, కమలమ్మకు రెండోసారి చెప్పాల్సిన పని లేదు, జామగడ్డ మనిషి కదా, ఉరికింది చాయ్ డబ్బా వైపు, దేవమ్మ తడిగుడ్డ తీసుకుని తాళం తుడిచింది, నల్లగా అలుక్కుపోయింది, పోనీ, పొయ్యి పొగ అనుకుంటారు, కంప తుడిచింది, తలుపుల నడుమ సందు చేసి లోపల పసుపు పూసింది, దీపం వెలుగంత, ఇప్పుడు తీసిన కంప ఎక్కడ పెట్టాలి, వాకిట్లో పక్కకు ఆనించి పెడతారు, తీసినట్టు తెలియాలి కదా, మేం ఖాళీ చేసి పోయినవాళ్ళం కాదని, కంప కొట్టి పోయి వచ్చి తీసుకున్నవాళ్ళమని తెలియాలి కదా, కానీ జాగా లేదు, జానెడు జాగాలో దర్వాజే ఇరుకు, అటు వెస్లీ వాళ్ళ కాగితపు నక్షత్రం, ఇటు చిలుకలు, సున్నం వేలు గాల్లో పట్టుకుని ఎటూ తోచక నిలబడితే పాలగ్లాసు కొంగు కింద దాచుకుని వచ్చిన కమలమ్మ చూసింది, ఒక్క క్షణం తన చిలుకల వైపు చూసుకుంది, ఇటు పెట్టక్కా అంది, నా గోడకు ఆనిచ్చి పెట్టు, ఆ రోజు నేనే కాపలా ఉంటి గద, ఇయ్యాల గూడ ఉంట.

కంప కమలమ్మ ఇంటి పచ్చని గోడకు ఆనింది, ఒక చిలుక తోక మీద రెండు ముళ్ళు పడ్డాయి, రుచిత వచ్చింది, షాపు సంచీ భుజానే ఉంది, దగ్గుతూనే వచ్చింది, దుమ్మే, దుమ్ముకే దగ్గు, అటు చివరి నుంచి ఒక్కొక్క గడప ముందరా దీపం వెలుగుతూ వస్తోంది, అమ్మా గిదేంది, తలుపు సగమే తెరిచినవు అంటోంది రుచిత, ఇప్పుడే గద బిడ్డా తెరుస్తున్నది అంది, మూడు రాళ్ళ మీద చిన్న గిన్నెలో పాలు, కింద నాలుగు పుల్లలు, ఆవు లేదు, ఆవును ఎక్కడ తెస్తారు, పొంగు అంచు దాకా వచ్చి ఒలికింది, దేవమ్మ అగ్గిపుల్ల గీసి వత్తి దగ్గర పెట్టింది, రుచిత చెయ్యి తన చేతిలో వెచ్చగా ఉంది, లోపల గడంచె మీద ఆయన లేచి నిలబడ్డట్టు అనిపించింది, ఖాళీ ఇంటికి ఎవరూ కంప కొట్టరు, తిరిగొచ్చేవాళ్ళే కొడతారు, తాను వచ్చింది.